ముందు కార్బురేటర్‌ని అనకండి

మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఒక పాత ఫియట్ కారు ఉంటుంది. కాగితాల్లో దాని పేరు ప్రీమియర్ పద్మిని. ఆదోనిలో ఎవరూ ఆ పేరుతో పిలవరు, ఫియట్ అంటేనే అందరికీ తెలుస్తుంది. మా మామయ్య కొన్నది. ఆయన బట్టల వ్యాపారం చేసే రోజుల్లో ఎమ్మిగనూరు మగ్గాల దుప్పట్లూ తువ్వాళ్లూ డిక్కీలోనూ వెనక సీట్లోనూ కుక్కి తెచ్చేవారట. ఎమ్మిగనూరు నా పుట్టినిల్లు. పెళ్లయ్యాక నన్ను కాపురానికి తెచ్చింది కూడా ఆ కారే. ముప్పై కిలోమీటర్ల దారి. ముందు సీట్లో మామయ్య, అత్తయ్య, వెనక మేమిద్దరం, మా ఒళ్లో సారె గంపలు.

ఈ రోజు రాయబోయేది ఆ కారు గురించే. ఇంకా చెప్పాలంటే దాని కార్బురేటర్ గురించి. ఊరగాయలో పిల్లల చదువులో చదువుదామని వచ్చినవాళ్లు కాస్త ఓపిక పట్టండి. పొయ్యి వెలిగించడం తెలిసిన ప్రతి ఆడదానికీ కార్బురేటర్ అర్థమవుతుందని నా వాదన. ఇంకో వాదన కూడా ఉంది. అది చివర్లో చెప్తాను.

జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర కదా. మామయ్యకు ఎనభై దాటాయి. ఈసారి ఫియట్‌లోనే పోదామన్నారు. దీపావళి తర్వాత ఆ బండిని ఎవరూ తీయలేదు. సెల్ఫ్ కొడితే అందుకున్నట్టే అందుకుని ఆగిపోతుంది. చోక్ లాగి కొట్టారు, వదిలి కొట్టారు. చివరికి బ్యాటరీ కూడా దిగిపోయింది. ఒక మెకానిక్‌ను పిలిపించాం. బానెట్ ఎత్తాడు, ఐదు నిమిషాలు చూశాడు, చేతులు తుడుచుకున్నాడు.

"కార్బొరేటర్ పోయింది సార్. కొత్తది దొరకదు. ఎందుకొచ్చిన బాధ, వదిలించుకోండి."

మా ఆయనకు కావలసింది కూడా అదే మాట. రెండేళ్లుగా అమ్మేద్దామనే అంటున్నారు. సాయంత్రానికి పాత ఇనుము కొనేవాడి ఫోన్ నంబరు కూడా సంపాదించారు. మామయ్య ఏమీ అనలేదు. అరుగు మీద కూర్చుని కారు వైపు చూస్తూ ఉండిపోయారు.

నాకు ఎందుకో ఆ ఐదు నిమిషాలు నచ్చలేదు. ఒక్క ప్లగ్గు విప్పలేదు. పెట్రోలు వస్తోందో లేదో చూడలేదు. చూసీచూడగానే తీర్పు చెప్పేశాడు.

అలాంటి తీర్పు నాకు కొత్త కాదు లెండి. నేను కాపురానికి వచ్చిన రెండో ఏడే మా బావగారు వేరు పడ్డారు. బంధువులంతా ఒకే మాట అన్నారు. "చిన్నకోడలు వచ్చింది, ఇల్లు రెండయింది." ఎవరూ ఇంకేమీ అడగలేదు. ఇంట్లో కొత్తగా వచ్చింది నేను, కాబట్టి కారణం నేనే. ఇరవై రెండేళ్లుగా ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు నవ్వుతూనే ఆ మాట గుర్తు చేస్తారు.

సరే, కారు సంగతికి వద్దాం.

మా పుట్టింటి వీధిలో ఒక మెకానిక్ చిన్నాయన ఉన్నాడు. అంబాసిడర్లు, ఫియట్లు రోడ్ల మీద తిరిగినన్నాళ్లూ ఆయన షెడ్డు ఖాళీగా ఉండేది కాదు. ఇప్పుడు షెడ్డు మూసేసి ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఫోన్ చేసి సంగతి చెప్పాను. మర్నాడు పొద్దున బస్సు దిగి ఒక సంచితో వచ్చాడు. మా ఆయన అంగడికి వెళ్లిపోయారు. టార్చి పట్టడానికి నేనే మిగిలాను.

"చిన్నాయనా, కార్బురేటర్ పోయిందంట" అన్నాను.

"ఎవురన్నా అంటారు పాపా. కార్బొరేటర్ని ఆఖర్న చూడల్ల. ముందు నిప్పు, తర్వాత పెట్రోలు, తర్వాత గాలి. ఈ మూడూ సరిగుంటేనే దాన్ని ముట్టుకోల్ల" అన్నాడు.

అసలు కార్బురేటర్ చేసేది ఏమిటో ఆ రోజే నాకు అర్థమైంది. మన గ్యాస్ పొయ్యిలో గ్యాస్ ఒక సన్నటి రంధ్రంలోంచి వచ్చి, దారిలో గాలిని కలుపుకుని బర్నర్ దగ్గర మండుతుంది. గాలి సరిపోతే మంట నీలంగా ఉంటుంది. చాలకపోతే పసుపుగా వచ్చి గిన్నె అడుగు మసిబారుతుంది. కార్బురేటర్ పని కూడా గాలినీ పెట్రోలునూ కలపడమే. ఇంజను లోపలికి పీల్చుకునే గాలి ఒక ఇరుకు గొంతులోంచి పోతుంది. ఇరుకులో గాలి వేగం పెరుగుతుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. దాంతో పక్కనున్న చిన్న తొట్టిలోని పెట్రోలు జెట్టు అనే ఇత్తడి రంధ్రం గుండా పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. తొట్టిలో పెట్రోలు ఎక్కువ కాకుండా చూసేది ఫ్లోట్. మిద్దె మీద నీళ్ల ట్యాంకులో బాలు ఉంటుంది చూడండి, అలాంటిదే. మా ఫియట్‌లో ఉన్నది సోలెక్స్ కార్బురేటర్. ఇంజను 1089 సీసీ, నాలుగు సిలిండర్లు. అందులో కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. అన్నీ కంటికి కనబడేవే.

చిన్నాయన ముందు ప్లగ్గులు విప్పి నా చేతిలో పెట్టాడు. "రంగు చెప్పు" అన్నాడు. నల్లగా, పొడి మసితో ఉన్నాయి. లేత గోధుమ రంగు ఉంటే మంట సరిగ్గా ఉన్నట్టు, నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువై గాలి తక్కువైనట్టు, తెల్లగా పాలిపోతే పెట్రోలు చాలనట్టు. గిన్నె అడుగు చూసి పొయ్యి సంగతి చెప్పగలిగే మనకు ఇది కష్టమా చెప్పండి?

తర్వాత డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. లోపల పాయింట్లు గుంటలు పడి ఉన్నాయి. సన్నటి ఎమెరీ కాగితంతో రుద్ది, మధ్య సందు సరిచేశాడు. నిప్పురవ్వ అంతకుముందు ఎర్రగా బలహీనంగా వచ్చేది, ఇప్పుడు నీలంగా చిటపటమంది. "సగం రోగం ఇదే" అన్నాడు. కార్బురేటర్‌ను ఇంకా ముట్టుకోనే లేదు.

ఆ తర్వాత పెట్రోలు. పంపు నుంచి వచ్చే గొట్టం విప్పి సీసాలో పెట్టి, నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. పెట్రోలు బుడగలు బుడగలుగా వచ్చింది. రబ్బరు గొట్టం వంచి చూస్తే ఎండిన చింతతొక్కలా పగుళ్లు. పంపు పెట్రోలుతో పాటు గాలినీ పీలుస్తోంది. సీసా అడుగున నల్లటి రబ్బరు నలుసులు తేలాయి.

చివరగా గాలి. ఎయిర్ ఫిల్టర్ మూత తీయగానే నాకు నవ్వొచ్చింది. లోపల పరుపులో దూది కుక్కినట్టుంది. ఆదోనిలో ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు, సీజనంతా గాల్లో ఎగిరే దూది, దాని మీద నల్లరేగడి దుమ్ము. ప్లగ్గులు నల్లబడింది అందుకే. గాలి రాక మంట మసిబారింది. పైగా స్టార్ట్ కాలేదని మేం చోక్ లాగి లాగి కొట్టాం. చోక్ చేసే పని గాలిని ఇంకా తగ్గించడమే మరి.

అప్పుడు గానీ ఆయన కార్బురేటర్ మూత విప్పలేదు. తొట్టి అడుగున ఎర్రటి మడ్డి, రబ్బరు నలుసులు ఉన్నాయి. ఇంజను ఊరికే తిరిగేటప్పుడు పెట్రోలు ఇచ్చే చిన్న జెట్టు పూర్తిగా పూడిపోయింది. మిగతావన్నీ బాగున్నాయి. నేను చటుక్కున పిన్నీసు అందించబోయాను. చిన్నప్పుడు కిరోసిన్ పంపు స్టవ్‌కు పిన్ను పొడిచిన చెయ్యి కదా! ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. జెట్టు మెత్తటి ఇత్తడిది. పిన్ను పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది, ఇక ఎప్పటికీ పెట్రోలు ఎక్కువే తాగుతుంది. క్లీనర్ కొట్టి నానబెట్టి, సైకిల్ పంపుతో గాలి ఊదాడు. నలుసు ఎగిరిపోయింది. వెలుతురుకు పెట్టి చూస్తే చుక్కంత వెలుగు కనబడింది.

"దీని తప్పేముంది పాపా? కచరా దీంది కాదు. యాన్నుంచో వచ్చి దీంట్లో పడింది" అన్నాడు చిన్నాయన.

కొత్త గొట్టం వేసి, ఫిల్టర్ మార్చి, బ్యాటరీ చార్జి పెట్టించి సెల్ఫ్ కొడితే రెండోసారికి అందుకుంది. ఇంజను వేడెక్కాక ఒక చిన్న స్క్రూ కొద్దికొద్దిగా తిప్పుతూ, చప్పుడు నున్నగా అయ్యేదాకా విన్నాడు. తిప్పే ముందు అది ఎన్ని చుట్లు ఉందో లెక్కపెట్టి కాగితం మీద రాయించాడు నాతో. "ఒకసారి ఒకటే మార్చల్ల. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది నయం చేసిందో నీకేం తెలుస్తుంది?" అన్నాడు. మామయ్య అరుగు దిగి వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

ఆ గొట్టం ఎందుకు అలా పగిలిందంటే ఒకటి పాతబడటం, రెండోది పెట్రోలు మారడం. ఇప్పుడు బంకుల్లో మనకు పోసే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. 2025కల్లా అది 20 శాతానికి చేరింది. పాతకాలం రబ్బరు దానికి తట్టుకోదు, ఉబ్బి మెత్తబడి రాలుతుంది. కొన్ని పాత బండ్లలో రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చుకోవాల్సి రావచ్చని ప్రభుత్వం కూడా చెప్పింది. పైగా ఇథనాల్ గాల్లో తేమను పీలుస్తుంది. నెలలు నెలలు నిలబెట్టిన బండిలో ఆ నీరు అడుగున చేరుతుంది. ఇంకో సంగతి, పెట్రోలు ఒక కిలో మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. కొత్త కార్లలో సెన్సర్ ఆ తేడా కనిపెట్టి ఇంధనం పెంచుతుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు, ఎప్పుడో బిగించిన జెట్టు ఎంత ఇస్తే అంతే.

ఇక్కడ మా ఆయన పక్షం కూడా చెప్పాలి. ఆయన మాటల్లో తప్పు లేదు. పాత కారులో ఎయిర్‌బ్యాగులు లేవు. పొగ ఎక్కువ. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ముంబయిలో నల్లా పసుపూ ట్యాక్సీలుగా తిరిగిన పద్మినిలే 2023 అక్టోబరుతో రోడ్డు దిగిపోయాయి. వాటిలో చివరిది 2003 అక్టోబరులో రిజిస్టరయింది, ట్యాక్సీకి 20 ఏళ్లే గడువు. రెండో ముంబయి అని పేరున్న మా ఊళ్లో మాత్రం ఎన్నాళ్లుంటాయి? రేపు మేమూ అమ్మాల్సి రావచ్చు. అందరూ పాత కార్లు దాచుకోండి అని నేను చెప్పడం లేదు. అమ్మడం వేరు, ఐదు నిమిషాల తీర్పు నమ్మి అమ్మడం వేరు. మూడు వందల గొట్టం, ఒక ఫిల్టరు, ఒక పూట పనితో పోయే రోగానికి కారునే ఇనుముకు వేసేవాళ్లం.

మే నెలలో ఇంకోటి జరిగింది. ఫియట్‌కు గేరు స్టీరింగ్ పక్కన ఉంటుంది. మారుతిలో నేర్చుకున్న నాకు అది చేతికి రావడానికి వారం పట్టింది. మామయ్యను ఎమ్మిగనూరులో కంటి డాక్టరుకు చూపించి తిరిగి వస్తున్నాం. మధ్యాహ్నం రెండు గంటలు, రోడ్డు మీద నిప్పులు. సగం దారిలో బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. నాకు ముందు భయమేసింది. తర్వాత వరస గుర్తొచ్చింది. నిప్పు, పెట్రోలు, గాలి. పొద్దున బాగా వచ్చిన బండి ఎండలో ఆగిందంటే పెట్రోలు గొట్టంలోనే ఆవిరై అడ్డం పడి ఉండాలి. చిన్నాయన చెప్పే ఉన్నాడు. పాత చీర గుడ్డ నీళ్లలో తడిపి పెట్రోలు పంపు మీద చుట్టాను. మామయ్యకు తుమ్మచెట్టు నీడలో కండువా పరిచి, నేనూ కూర్చున్నాను. అటుగా పోయే ఆటోవాళ్లు ఆగి "కార్బొరేటర్ అయ్యుంటుందిలే అక్కా" అని చెప్పి పోయారు.

చాలాసేపు మామయ్య మాట్లాడలేదు. తర్వాత రోడ్డు వైపు చూస్తూనే అన్నారు.

"పెద్దోడు పత్తి యాపారంలో పోగొట్టుకున్న్యాడు. అప్పులోళ్లు ఇంటి మీదికి రాకుండా ఏరు పెడితిమి. ఆ సంగతి బయట చెప్పుంటే నీ మీద మాట వచ్చేది కాదు. వాని పరువు పోతాదని గమ్మునుంటి."

నాకు ఏం చెప్పాలో తెలియలేదు. అప్పు సంగతి నాకు అప్పుడే కొంత తెలుసు. ఆయనకూ తెలుసు నాకు తెలుసని. కానీ నోటితో చెప్పింది మాత్రం ఆ రోజే. "గుడ్డ ఆరిపోయింది మామయ్యా, ఇంకోసారి తడిపొస్తా" అని లేచాను. పావుగంట తర్వాత సెల్ఫ్ కొడితే బండి అందుకుంది.

నా రెండో వాదన ఇదే. మనిషిని గానీ, వస్తువును గానీ, ముందు కనబడింది కదా అని అనేయకండి. కార్బురేటర్ ఇంజను మీద అందరికీ కనబడే చోట ఉంటుంది, దాని పేరు అందరికీ తెలుసు. పగిలిన గొట్టం కింద ఎక్కడో దాగి ఉంటుంది. కొత్తగా వచ్చిన కోడలూ అంతే, అందరి కళ్లూ ఆమె మీదే. ఇంట్లో గొడవైతే, పిల్లాడు మార్కులు తగ్గించుకుంటే, అత్తగారి ఆరోగ్యం పాడైతే ఆమె పేరే ముందు వస్తుంది. ఇప్పుడు మా ఇంట్లోకీ రేపో మాపో కోడలు వస్తుంది. అనడానికి నోరు లేచేది ఈసారి నాది. అందుకే ఇది ముందు నాకు నేను రాసుకుంటున్నాను.

ఇక మీకు పనికొచ్చే నాలుగు మాటలు. మాకు పాత కారు ఎక్కడిది అనకండి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు రాకముందు కొన్న స్కూటీలు, యాక్టివాల్లో చాలావాటికి కార్బురేటరే.

బండి స్టార్టయి, యాక్సిలరేటర్ వదలగానే ఆగిపోతుంటే ఐడ్లింగ్ జెట్టు పూడి ఉండొచ్చు. చోక్ లాగితేనే నడుస్తుంటే పెట్రోలు చాలడం లేదు, లేదా ఎక్కడో గాలి లీకవుతోంది. పెట్రోలు వాసన గుప్పుమంటూ కార్బురేటర్ కారుతుంటే ఫ్లోట్ గానీ, దాని నీడిల్ గానీ పట్టేసి ఉంటుంది. అప్పుడు మాత్రం సెల్ఫ్ కొట్టకండి, దూరం జరగండి, దగ్గర్లో అగరుబత్తి కూడా ఉండకూడదు. స్టార్ట్ కాకపోతే కార్బురేటర్ నోట్లో పెట్రోలు పోసి కొట్టే అలవాటు కొందరికి ఉంది. ఇంజను వెనక్కి తన్నితే మంట మొహానికి వస్తుంది. మీ ముందు ఎవరైనా అలా చేయబోతే వద్దని గట్టిగా చెప్పండి. బండిని నెలల తరబడి ఊరికే పెట్టకండి, వారానికోసారి తీసి ఇంజను బాగా వేడెక్కేదాకా తిప్పండి.

అన్నిటికంటే ముఖ్యం, మెకానిక్ ఏదైనా పోయిందంటే "ప్లగ్గు చూశావా తమ్ముడూ, పెట్రోలు వస్తోందా, ఫిల్టర్ విప్పావా" అని మూడు ప్రశ్నలు అడగండి. పనితనం తెలిసిన మెకానిక్ అయితే సంతోషపడతాడు, విప్పి చూపిస్తాడు. చూపించనివాడితో మాత్రం ఏదీ మార్పించకండి.

మా ఆయన ఇంకా అమ్మేద్దామనే అంటున్నారు. అననివ్వండి. ఇనుము కొనేవాడి నంబరు ఫోన్లోనే ఉంది. ఈ ఆదివారం మాత్రం ఫిల్టర్ దులిపే పని ఉంది, పత్తి సీజన్ మొదలైంది.